గారపళ్ళు చెప్పేది పాత నీళ్ళ సంగతి

ప్రశ్న: బి.డి.ఎస్. (దంతవైద్యం) తరవాత ఎం.పి.హెచ్. (ప్రజారోగ్యంలో పీజీ) రెండో ఏడు చదువుతున్నాను. మాది దర్శి దగ్గర పల్లె. బడిపిల్లల గారపళ్ళు, తాగేనీటిలో ఫ్లోరైడ్ మీద డిసర్టేషన్ (కోర్సు చివరి పరిశోధన) చేయాలనుకుంటున్నాను. 400 మంది పిల్లలు సరిపోతారా? గైడు సరేనన్నారు కాబట్టి పని మొదలుపెట్టవచ్చా?
– ఒక విద్యార్థిని, ప్రకాశం జిల్లా

జవాబు: మీ నేలకు తగిన అంశమమ్మా. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళనీ ఎముకలనీ పాడుచేసే జబ్బు, తొలిసారి నమోదైంది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. దర్శి కూడా 1970 దాకా ఆ జిల్లాలోదే.

ముందు నీళ్ళ సంగతి చూడండి. ఇలాంటి డిసర్టేషన్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. జ్ఞానదంతాలు తప్ప మిగతా శాశ్వత దంతాల ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) సుమారు 8 ఏళ్ళలోపే తయారైపోతుంది. 12 ఏళ్ళ పిల్ల పంటి మీద గార అప్పుడు తాగిన నీళ్ళది. ఇవాళ ఇంట్లో ఉన్న క్యాన్ నీళ్ళు పరీక్షకు పంపితే ఫ్లోరైడ్ తక్కువ, గార ఎక్కువ అని వస్తుంది. రెంటికీ సంబంధం లేదని తప్పుగా తేలుతుంది. కాబట్టి పుట్టినప్పటి నుంచి 8 ఏళ్ళ దాకా ఏ ఊళ్ళో పెరిగింది, ఏ బోరు నీళ్ళు తాగింది, క్యాన్ ఎప్పుడు మొదలైంది అని తల్లినే అడిగి రాసుకోండి. ఆ పాత బోరు నీళ్ళే పట్టండి. గాజుసీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలిసి లెక్క తగ్గిపోతుంది. ప్లాస్టిక్ సీసాను అవే నీళ్ళతో మూడుసార్లు తొలిచి నింపండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. లోపు ఉండాలని, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఫరవాలేదని మన ప్రమాణం.

ఇక 400. సగం మందికి గార ఉందనుకుని, 5 శాతం అటూఇటూ తేడాకు ఒప్పుకుంటే వచ్చే లెక్క అది. పిల్లల్ని ఒక్కొక్కరుగా చీటీ తీసి ఎంచుకుంటేనే చెల్లుతుంది. మీరు బడులవారీగా వెళ్తారు. ఒకే ఊరి పిల్లలు ఒకే బోరు నీళ్ళు తాగుతారు, పళ్ళూ ఒకేలా ఉంటాయి. ఒకే బడిలో ఇంకో పిల్లను చూసినా కొత్తగా తెలిసేది తక్కువ కాబట్టి కనీసం రెట్టింపు, అంటే 800 కావాలి. రానివాళ్ళు 10 శాతం అనుకుంటే 889. నాలుగు పెద్ద బడులకన్నా 30 బడుల్లో 30 మంది చొప్పున చూడటం మేలు.

పళ్ళను డీన్ సూచికతో (గార ఎంత ఉందో మార్కుల్లో చెప్పే కొలమానం), పగటి వెలుతురులో చూడండి. పదిమందిలో ఒకరిని మళ్ళీ చూసి మీ రెండు మార్కులూ పోల్చుకోండి.

గైడు ఒప్పుకున్నా ఎథిక్స్ కమిటీ (మనుషుల మీద చేసే పరిశోధన సబబేనా అని చూసే సంఘం) అనుమతి వచ్చేదాకా ఒక్క పిల్లనూ చూడకండి. ముందే సేకరించిన వివరాలకు తరవాత అనుమతి ఇవ్వరు. హెడ్మాస్టరు సంతకం తల్లిదండ్రుల సంతకానికి బదులు కాదు. 12 దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి, అదీ తెలుగులో.