వ్యాసంల "చేయడం జరిగింది" అని రాస్తే తప్పా?

గ్రామర్ ప్రకారం తప్పు కాదు గానీ వాక్యంల బలమంతా పోతది, అందుకే వ్యాసం రాసే పిల్లలకు సూటి క్రియ అలవాటు చెయ్యాలె. అసలు పని "నిర్మాణం" అసొంటి నామవాచకంల దాక్కుంటది, చేసినోడు మాయమైతడు, మిగిలిన "జరిగింది" ఏం చెప్పదు. "1213లో రామప్ప గుడి నిర్మాణం చేయడం జరిగింది" అంటే ఎవరు కట్టించిన్రో తెల్వది, అదే "కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించాడు" అంటే మనిషి, పని రెండూ కనబడ్తయి. వ్యాసం రాసే ముందు వేసుకునే ప్లాన్ కూడా ఇట్లనే, మార్జిన్ల "చరిత్ర, గొప్పతనం" అని గీకితే పెన్ను కదలది (ఆ మాటలు ఏ గుడికైనా అతుకుతయి), దానికి బదులు ఎవరు కట్టించిన్రు, శిఖరానికి నీళ్లల తేలే ఇటుకలు ఎందుకు వాడిన్రు, 2021ల యునెస్కో ఎందుకు గుర్తించింది అని క్రియతోని ప్రశ్నలు రాసుకుంటే ఒక్కో జవాబు ఒక్కో పేరా అయితది. చానమంది బలమైన క్రియ అంటే బరువైన మాట అనుకొని "నిర్మింపజేసెను" అని రాపిస్తరు, "కట్టించాడు"ల ఉన్న పట్టు దాంట్ల ఏడుంది?