కెమిస్ట్రీ వదిలేయక్కర్లేదండీ

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం. సబ్జెక్టంటే ప్రాణం. కానీ కంపెనీల్లో చేరితే కాలుష్యంలో తనకూ పాలుంటుందని, పీజీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌కి మారతానని అంటోంది. గ్రీన్ కెమిస్ట్రీలో ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: మీ అమ్మాయి బాధను చిన్నపిల్ల మాట అని కొట్టిపారేయకండి. నన్నడిగితే, ఆ బాధ ఉన్నవాళ్లే కెమిస్ట్రీలో ఉండాలి. మురికినీరు శుద్ధి ప్లాంటు దాకా వచ్చేసరికే ఆలస్యమైపోతుంది. ఏ ముడిసరుకుతో మొదలుపెట్టాలి, ఏ సాల్వెంట్ (కరిగించే ద్రవం) వాడాలి, ఎన్ని స్టెప్పుల్లో ముగించాలి అని ల్యాబ్‌లో తేల్చిన రోజే ఎంత వ్యర్థం పుడుతుందో చాలావరకు ఖాయమైపోతుంది. ఆ వ్యర్థం, విషం పుట్టకుండా అక్కడే చూసుకోవడమే గ్రీన్ కెమిస్ట్రీ.

నొప్పి మాత్ర ఐబుప్రొఫెన్‌నే చూడండి. పాత పద్ధతిలో ఆరు స్టెప్పులు. వాడిన పదార్థాల బరువులో దాదాపు 40 శాతమే మందులోకి చేరేది. అల్యూమినియం క్లోరైడ్ వాడకం వల్ల వచ్చే వ్యర్థం వేరే. 1992లో మొదలైన కొత్త పద్ధతిలో మూడే స్టెప్పులు, 77 శాతం చేరుతుంది. ఉపఉత్పత్తిగా వచ్చే ఎసిటిక్ యాసిడ్‌నీ వాడుకుంటే 99 శాతం. అయితే అందులో కెటలిస్టుగా (రియాక్షన్‌ను వేగంగా నడిపే పదార్థంగా) వాడే హైడ్రోజన్ ఫ్లోరైడ్ చాలా ప్రమాదకరమైనది. తిరిగి తిరిగి వాడుకోవచ్చు గానీ జాగ్రత్త తప్పకూడదు. దీన్నీ తక్కువ చేసి చెప్పకూడదు.

ఇక ఉద్యోగాలు. 'గ్రీన్ కెమిస్ట్' అనే పేరుతో వెతికితే నిరాశే మిగులుతుంది. ఈ పని ఎక్కువగా మందులు, రంగులు, పాలిమర్ల కంపెనీల్లో తయారీ పద్ధతులను రూపొందించే ప్రాసెస్ డెవలప్‌మెంట్ విభాగాల్లో, కెటలిస్టుల పరిశోధనలో జరుగుతుంది. ఎంజైములతో రియాక్షన్లు నడిపే బయోకెటాలసిస్ వైపు కూడా చూడమనండి. ఎంజైములను కావలసినట్టు మలిచే పద్ధతికే 2018లో అమెరికా శాస్త్రవేత్త ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. అందుకని ఆర్గానిక్, అనలిటికల్ గట్టిగా చదవాలి. ఎక్కడో ఒకచోట టాక్సికాలజీ కూడా నేర్చుకోవాలి. ఏ పదార్థం ఎందుకు విషమో తెలియని కెమిస్టు సురక్షితమైనదాన్ని ఎలా ఎంచుకుంటుంది?

నిర్ణయానికి ముందు ఒక పని చేయించండి. ప్రాక్టికల్స్‌లో ఆస్పిరిన్ చేస్తారు కదా. శాలిసిలిక్ యాసిడ్ అణుభారం 138, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ 102. కలిపితే 240. వచ్చే ఆస్పిరిన్ 180. అంటే ఈల్డ్ (రావాల్సిన దాంట్లో చేతికొచ్చేది) నూటికి నూరు శాతం వచ్చినా పావు వంతు ఎసిటిక్ యాసిడ్‌గా పోతుంది. ఈసారి తను కడగడానికి వాడిన నీళ్లు, ఫిల్టర్ పేపరు, మిగిలిన ద్రావణం అన్నీ తూచి, చేతికొచ్చిన ఒక్కో గ్రాముకు ఎన్ని గ్రాములు పారబోసిందో రాసుకోమనండి. ఆ అంకె చూశాక 'దీన్ని తగ్గించడం ఎలా' అని రాత్రంతా ఆలోచిస్తే, టెన్షన్ పడకుండా ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేర్పించండి. నదుల్లో, గాలిలో ఏం కలుస్తోందో కొలవడమే ఎక్కువ ఇష్టమనిపిస్తే ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌కి వెళ్లనివ్వండి. అక్కడా తన కెమిస్ట్రీ పనికొస్తుంది.