హోండా ఎస్2000: 2001 మోడలా, 2006 మోడలా? రెండూ నడిపిన అనుభవంతో నా జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఒకటి 2001 ఎస్2000 (హోండా వాళ్ళ రెండు సీట్ల, టాప్ మడిచే స్పోర్ట్స్ కారు), 48 వేల మైళ్ళు తిరిగింది. రెండోది 2006 మోడల్, 91 వేల మైళ్ళు. రెండూ అమెరికా మార్కెట్ బళ్ళే, అడుగుతున్న ధర దాదాపు ఒకటే. రియర్ వీల్ డ్రైవ్ కారు, అంటే వెనక చక్రాలతో నడిచేది, మీకు ఇదే మొదటిది, వానైనా ఎండైనా రోజూ ఆఫీసుకు ఇందులోనే వెళ్తానంటున్నారు. ఆ చివరి రెండు మాటలు చూశాక నాకు పెద్దగా ఆలోచించాల్సిన పని లేకపోయింది. 2006 తీసుకోండి.

నేను నాలుగేళ్ళు 2001 మోడల్ నడిపాను. అది అమ్మేసి 2006 కొని ఆరేళ్ళు దాటింది. మొదటి బండిని ఇప్పటికీ మర్చిపోలేదు. అయినా మీకు ఇదే ఎందుకు చెబుతున్నానో వివరంగా రాస్తాను.

ఈ కారు గురించి మాట్లాడేవాళ్ళందరూ ముందు ఇంజిన్ దగ్గరే ఆగిపోతారు. అమెరికాలో 2003 దాకా వచ్చినవాటిని ఏపీ1 అంటారు. 1997 సీసీ ఇంజిన్, 9000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా తిరుగుతుంది. 2004 నుంచి వచ్చినవి ఏపీ2. సిలిండర్ వెడల్పు అదే 87 మిల్లీమీటర్లు ఉంచి, స్ట్రోక్‌ను, అంటే పిస్టన్ కదిలే దూరాన్ని, 84 నుంచి 90.7కి పెంచి 2157 సీసీ చేశారు. పిస్టన్ ప్రతిసారీ ఎక్కువ దూరం వెళ్ళి రావాలి కాబట్టి రెడ్‌లైన్‌ను, అంటే ఇంజిన్ తిరగగల హద్దును, 8000కి దించారు. పవర్ రెండింటిదీ 240 హార్స్‌పవర్ దగ్గరే. టార్క్ (తిప్పే బలం) మాత్రం 208 న్యూటన్ మీటర్ల నుంచి సుమారు 220కి పెరిగింది, అదీ తక్కువ ఆర్‌పీఎంలోనే అందుతుంది. ఇదంతా అమెరికా లెక్క. జపాన్‌లో 2.2 లీటర్ల ఇంజిన్ 2005 చివర్లో గానీ రాలేదు, యూరప్‌లో చివరిదాకా రెండు లీటర్లదే. బయటి దేశం నుంచి తెచ్చిన బండి అయితే ఏడాది ఒక్కటే చూసి ఇంజిన్ ఏదో చెప్పేయలేం.

కాగితం మీద ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది, రోడ్డు మీద అలా ఉండదు. 2001లో 6000 దాటగానే వీటెక్ (వాల్వులు తెరుచుకునే తీరును మార్చే హోండా ఏర్పాటు) రెండో కామ్ అందుకుంటుంది. ముందు చెవికి తెలుస్తుంది, తర్వాత వీపుకి. అక్కడి నుంచి 9000 దాకా ఆ ఇంజిన్ అరిచే అరుపు కోసమే నేను కారణం లేకుండా బండి తీసుకుని బయటికి వెళ్ళిన రోజులున్నాయి. కానీ ఆఫీసు ట్రాఫిక్‌లో మీరు 3000 దగ్గర తిరుగుతారు. అక్కడ ఏపీ1 నీరసంగా ఉంటుంది, ఓవర్‌టేక్ చేయాలంటే రెండు గేర్లు దింపాలి. ఏపీ2లో చాలాసార్లు ఒక్క గేరుతో పని అయిపోతుంది.

అయితే నేను మీకు 2006 చెప్పడానికి కారణం ఇంజిన్ కాదు, వెనక చక్రాలు.

పాత 2001 కొన్న ఏడో నెలలో జరిగింది. చాలా రోజుల తర్వాత వాన పడి అప్పుడే తగ్గింది. హైవే దిగే ర్యాంప్, కుడివైపు తిరుగుతుంది, చివర్లో నేననుకున్నదానికంటే వంపు ఎక్కువ. స్పీడ్ ఎక్కువైందనిపించి భయంతో యాక్సిలరేటర్ మీద కాలు పూర్తిగా తీసేశాను. ముందు చక్రాలతో నడిచే కారులో అయితే అది సరిపోయేది. ఇక్కడ వెనక భాగం ఎవరో పక్కకు తోసినట్టు జారింది. స్టీరింగ్ ఎదురు తిప్పాను, ఆలస్యమైంది. ఒకటిన్నర చుట్టు తిరిగి, వచ్చిన దారివైపు మొహం పెట్టి గడ్డిలో ఆగాను. వెనక ఏ బండీ రాలేదు, దేనికీ తగల్లేదు. చేతుల వణుకు తగ్గడానికి పది నిమిషాలు పట్టింది.

ఇంటికొచ్చాక వెనక టైర్లు దగ్గరగా చూశాను. గాడులు బాగా లోతుగానే ఉన్నాయి, అందుకే కొనేటప్పుడు పట్టించుకోలేదు. పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. లెక్కేస్తే ఏడేళ్ళు దాటాయి. బొటనవేలి గోరు గట్టిగా గుచ్చితే గుర్తు కూడా పడలేదు, అంత గట్టిపడిపోయింది రబ్బరు. టైర్లు చూసుకోకపోవడం, మలుపు మధ్యలో కాలు తీయడం, రెండూ నా తప్పులే. కానీ పాత సస్పెన్షన్ అలాంటి తప్పును త్వరగా పెద్దది చేస్తుంది. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు అది చూసే దిశ కొద్దిగా మారుతుంది, దాన్నే టో అంటారు. 2003 దాకా వచ్చిన బళ్ళలో వెనక చక్రాలకు ఈ మార్పు ఎక్కువ. మలుపులో కాలు తీస్తే బరువు ముందుకొస్తుంది, వెనక లేస్తుంది, టో మారి బండి ఇంకా లోపలికి తిరుగుతుంది. 2004లో ఈ మార్పును తగ్గించారు, చక్రాలు 16 అంగుళాల నుంచి 17కి, వెనక టైరు వెడల్పు 225 నుంచి 245కి పెంచారు. 2006లో ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌తో పాటు వీఎస్ఏ, అంటే బండి జారబోతే దానంతటదే సరిచేసే స్టెబిలిటీ కంట్రోల్ వచ్చింది.

ఈ 2006 బండిలో, వేరే ర్యాంప్‌లో, తడి రోడ్డు మీద, దాదాపు అదే తప్పు చేశాను. డ్యాష్‌బోర్డు మీద లైటు మిణుకుమంది, వెనక నుంచి చిన్న కుదుపు, బండి లైనులోకి వచ్చేసింది. పక్కన కూర్చున్న మా ఆవిడకు ఏం జరిగిందో కూడా తెలియలేదు. మీకు మొదటి ఏడాది కావలసింది ఈ క్షమాగుణం. 2004, 2005 బళ్ళకు సస్పెన్షన్ మారింది గానీ వీఎస్ఏ లేదు, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి.

48 వేలు, 91 వేలు అన్న తేడా మిమ్మల్ని లాగుతోందని నాకు తెలుసు, నన్నూ లాగింది. ఇన్నేళ్ళలో 48 వేలే తిరిగిందంటే ఎక్కువ కాలం నిలబడి ఉన్నట్టు. రబ్బరు బుష్‌లు, సీల్స్, టైర్లు, మడిచే టాప్, ఇవన్నీ తిరగకపోయినా పాడవుతాయి. 2000, 2001 బళ్ళకు వెనక అద్దం కూడా ప్లాస్టిక్‌దే, 2002లో గానీ డీఫ్రాస్టర్ (అద్దం మీద ఆవిరి పోగొట్టే హీటర్) ఉన్న గాజు అద్దం రాలేదు. నా ప్లాస్టిక్ అద్దం పసుపెక్కి, రాత్రిపూట వెనక వచ్చే లైట్లన్నీ మసకగా ఒక్క ముద్దలా కనిపించేవి. ఆయిల్ సరిగ్గా మార్చినట్టు కాగితాలుంటే 91 వేలు ఈ ఇంజిన్‌కి ఎక్కువ కాదు. దీనికి టైమింగ్ బెల్ట్ కాదు, చైన్.

ఏది చూసినా ఇవి మాత్రం వదలొద్దు. పాత ఏపీ1లో వాల్వ్ స్ప్రింగులను పట్టి ఉంచే రిటైనర్లు బలహీనం. పాత ఓనర్ నాలుగో గేరు వేయబోయి రెండో గేరు వేసి ఇంజిన్‌ని అతిగా తిప్పేసి ఉంటే వాటికి పగుళ్ళు వస్తాయి. బయటికి ఏమీ తెలియదు, బండి మామూలుగానే నడుస్తుంది, ఒకరోజు వాల్వ్ జారిపోతుంది. 2001 మీదే మనసు పడితే వాల్వ్ కవర్ తీయించి చూడండి, ఏపీ2 రిటైనర్లు వేయించండి. తొలి బళ్ళలో పిస్టన్ కింద ఆయిల్ చిమ్మే జెట్ల బోల్టులకు రెండే రంధ్రాలుండేవి, తర్వాత నాలుగు చేశారు. అవి మార్చారో లేదో అడగండి. రెండింటికీ, సిలిండర్లలో ఒత్తిడి సరిగ్గా నిలుస్తోందో లేదో చెప్పే కంప్రెషన్, లీక్‌డౌన్ టెస్టులు చేయించండి. నేను వదిలేసిన ఒక బండి నడపడానికి చక్కగా ఉంది, లీక్‌డౌన్‌లో నాలుగో సిలిండర్ ఒక్కటే మిగతావాటికి చాలా దూరంగా వచ్చింది.

రెండో గేరు చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా వేసి చూడండి, కరకరమంటే సింక్రో (గేరు సాఫీగా పడేలా చేసే రింగు) అరిగినట్టు. 2004 నుంచి కార్బన్ సింక్రోలు వేశారు, అయినా రెండో గేరును పరీక్షించాల్సిందే. ఆయిల్ డిప్‌స్టిక్ మీరే తీసి చూడండి. గట్టిగా తిప్పితే ఈ ఇంజిన్ కొంత ఆయిల్ తాగుతుంది, మట్టం చూసుకోని ఓనర్ చేతిలో అదే దాన్ని చంపుతుంది. నేను ప్రతి రెండోసారి పెట్రోలు పోయించినప్పుడు చూస్తాను.

ఇంకొకటి, దీనికి ఖర్చేమీ లేదు. అమెరికా బళ్ళకు బానెట్, ఫెండర్లు, తలుపులు, బంపర్లు, డిక్కీ మూత, వేటికవి ఛాసిస్ నంబర్ ఉన్న చిన్న స్టిక్కర్లుంటాయి. టార్చ్ పట్టుకుని ఒక్కొక్కటీ వెతికి నంబర్లు కలుస్తున్నాయో లేదో చూడండి. ఎక్కడైనా స్టిక్కర్ లేకపోతే ఆ భాగం మార్చారనో, మళ్ళీ పెయింట్ వేశారనో అనుమానించాలి. కారణం ఓనర్ నోటి నుంచే వినండి. ఇలా జారే కారుకు ఏదో ఒక గోడ తగిలి ఉండటం అరుదేమీ కాదు.

చూడటానికి వెళ్ళేముందు ఇద్దరికీ ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని గట్టిగా చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసి, అప్పుడు బటన్ నొక్కమనండి. చైన్ టెన్షనర్ (చైన్‌ని బిగువుగా ఉంచే భాగం) కటకటమంటోందా అని మొదటి నిమిషం జాగ్రత్తగా వినండి. ఆ చప్పుడు వీడియో తీసి ఇక్కడ పెడితే నేనూ విని చెబుతాను.