మన అనంతపురంలో భూకంపాలెక్కడివి సార్, ఈ చదువెందుకు?

ప్రశ్న: మా వాడికి ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. సీఎస్‌ఈ ఏఐలో సీటు ఖాయం. వాడేమో సివిల్ చదివి, భూకంపమొచ్చినా పెద్ద బిల్డింగులు ఊగకుండా చేసే పని నేర్చుకుంటానంటున్నాడు. మన దగ్గర భూకంపాలెక్కడివి? ఏది మేలో పోల్చి చెప్పండి. - ఒక తండ్రి, అనంతపురం

జవాబు: ఏటా కౌన్సెలింగ్ రోజుల్లో ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. బ్రాంచి మారుతుంది, టెన్షన్ మారదు. నాలుగేళ్ల తర్వాత పిల్లవాడు ఖాళీగా కూర్చుంటే ఎట్లా అన్నదే మీ భయం. ఆ భయం సహజమే.

మనది ముప్పు తక్కువున్న ప్రాంతమే. కానీ 2001 జనవరి 26న గుజరాత్‌లోని కచ్‌లో భూమి కంపిస్తే, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద గోడల్లేని పార్కింగే. మన ఊళ్లో ఇప్పుడు కడుతున్నవీ అలాంటివే కదా!

మీ వాడి ఆసక్తి ఏమిటో చెబుతాను. ఉయ్యాలను దాని ఊపు చూసి తోస్తే చిన్న తోపుకే ఎత్తుకు పోతుంది. నేల ఊపూ భవనం ఊపూ కలిస్తే జరిగేదీ అదే. 1985లో మెక్సికో సిటీలోని మెత్తటి నేల మీద చిన్న ఇళ్ల కంటే ఓ మాదిరి ఎత్తున్న భవనాలే ఎక్కువ దెబ్బతిన్నాయి. తక్కువ ఎత్తు భవనాలకైతే వాటి ఊపు నెమ్మదించేలా పునాది దగ్గర రబ్బరు బేరింగులు పెడతారు. ఆ కచ్ భూకంపంలో కూలిన భుజ్ ఆసుపత్రిని అలాగే మళ్లీ కట్టారు. బాగా ఎత్తైనవి ఎలాగూ నెమ్మదిగా ఊగుతాయి కాబట్టి వాటికి ఈ పద్ధతి అంతగా పనికిరాదు. బైకు షాక్ అబ్జార్బర్ లాంటి డ్యాంపర్లు బిగిస్తారు, లేదా పైన బరువు వేలాడదీస్తారు. తైవాన్‌లోని తైపే 101 అనే ఎత్తైన భవనంలో వేలాడే గోళం 660 టన్నులు. దాన్ని ముఖ్యంగా గాలి ఊపు కోసమే పెట్టారు.

ఇక ఏఐ బ్రాంచి. ఇష్టమున్నవాడికి మంచి చదువే. కానీ సీట్లు పెరిగినంత వేగంగా పాఠం చెప్పగలిగేవాళ్లు పెరిగారా అన్నది నా అనుమానం. ఆ పేరు చూసి చేరినవాళ్లలో చాలామంది చదివేది మామూలు సీఎస్‌ఈ పాఠాలే. మూడో ఏట బ్యాక్‌లాగులతో నా ముందు కూర్చున్న పిల్లల్లో ఎక్కువమంది "నాన్న చేర్పించాడు సార్" అన్నవాళ్లే. మీరు ర్యాంకు రాశారు, సీటు రాశారు. వాడికి ఇదెందుకు ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. అసలు అడిగారా?

సివిల్‌లో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉంటుంది, దాచను. బీటెక్‌తోనే డ్యాంపర్ల పని చేతికి రాదు, స్ట్రక్చర్స్‌లో ఎంటెక్ చేయాలి. రూర్కీ ఐఐటీలో భూకంప ఇంజనీరింగ్‌కు ప్రత్యేక విభాగముంది, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పరిశోధన కేంద్రముంది. అప్పుడు కూడా మొదట్లో మామూలు కాలమ్‌లు, బీములే డిజైన్ చేయాల్సి ఉంటుంది. అయినా దిగులు పడకండి. కంపనాల లెక్కలు వచ్చినవాడికి వంతెనల పనీ ఉంటుంది, మన ఉరవకొండ వైపు కనిపించే గాలిమరల టవర్ల పనీ ఉంటుంది. వాడు ఖాళీగా కూర్చోడు.

ఈ ఆదివారం వాణ్ణి తీసుకుని ఊళ్లో కడుతున్న ఏదైనా అపార్ట్‌మెంట్ దగ్గరికి వెళ్లండి. కింద పార్కింగ్ స్తంభాలు చూపించి, భూమి ఊగితే వీటికేమవుతుందో చెప్పమనండి. మధ్యలో ఆపకుండా వినండి. వెబ్ ఆప్షన్లు మాత్రం వాడినే పెట్టనివ్వండి.