ఎండిపోయే కుంటే కప్పలకు పుట్టిల్లు

ప్రశ్న: నాకు మూడెకరాల మామిడి తోట ఉంది. బోరు నీళ్ళు నిలవ చేసుకోవడానికి నాలుగేళ్ళ క్రితం పాలిథిన్ షీటు పరిపించి పంటకుంట తవ్వించాను. వానాకాలంలో అందులో కప్పలు చచ్చి తేలుతున్నాయి. నా చిన్నతనంలో తొలకరి రాత్రి కప్పల అరుపులకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు తోటలో ఆ అలికిడే లేదు. ఈ కుంటలో కప్పలు బతకాలంటే ఏం చేయాలి?
— ఒక రైతు, జనగామ జిల్లా

జవాబు: మీ కుంటలో కప్పలు చావడానికి నీళ్ళు కారణం కాకపోవచ్చు, గట్టు కారణం కావచ్చు. చెట్టుకప్పలకు వేళ్ళ చివర అంటుకునే గుండ్రటి మెత్తలు ఉంటాయి కాబట్టి అవి గోడనైనా ఎక్కగలవు. బోదురుకప్పకు ఆ సదుపాయం లేదు. నునుపైన షీటు మీద అది నాలుగడుగులు పాకి జారిపోతుంది, మళ్ళీ పాకుతుంది, చివరికి అలసిపోయి మునుగుతుంది. ముందుగా కుంట నాలుగు మూలలా లావుపాటి కొబ్బరి తాళ్ళను గానీ, కుట్టి కలిపిన గోనె సంచులను గానీ పైన గూటానికి కట్టి, కింది కొసకు రాయి కట్టి, నీటిలోకి వేలాడదీయండి. నీటి మట్టం తగ్గినా కొస నీళ్ళలోనే ఉండేంత పొడవు ఉండాలి. ఈ ఏర్పాటు కప్పలకే కాదు, నీళ్ళకు వచ్చి జారిపడే ఉడుములకూ తొండలకూ పనికివస్తుంది.

అయితే నిట్రమైన గట్లూ నిండా లోతూ ఉన్న ఆ కుంట కప్పల సంతానానికి తగినది కాదు. దాన్ని సాగు నీటికే వదిలేసి, తోటలో వాననీరు సహజంగా చేరే పల్లంలో వేరే చిన్న కుంట తవ్వండి. ఐదారు మీటర్ల వెడల్పు సరిపోతుంది. నడుమ తొడ లోతుకు మించనక్కరలేదు. కనీసం ఒక వైపు గట్టు, ఒక అడుగు దిగడానికి నాలుగైదు అడుగులు నడవవలసినంత వాలుగా ఉండాలి. ఆ వాలులో జానెడు లోతున నిలిచే నీరు ఎండకు త్వరగా వెచ్చబడుతుంది, నాచు పడుతుంది. చాలా రకాల తోకకప్పలు ఆ నాచు గీక్కుని తింటూ అక్కడే పెరుగుతాయి. అందుకే కుంట మీద పూర్తిగా నీడ పడకూడదు. ఒక పక్క మాత్రం కొమ్మ నీటి మీదికి వంగి ఉంటే మంచిది. చెట్టుకప్ప అక్కడ వెనక కాళ్ళతో చిలికి తెల్లటి నురుగు గూడు కడుతుంది. అందులో పొదిగిన పిల్లలు నేరుగా కింది నీళ్ళలోకి జారిపడతాయి. ఆ గూడును ఎవరో ఉమ్మినట్టుందని కర్రతో రాల్చే అలవాటు మన పిల్లలకే కాదు, పెద్దలకూ ఉంది.

షీటు అవసరం లేదు. తడి మట్టిని అరచేతుల మధ్య తాడులా పేనితే విరగకుండా సాగిందంటే ఆ నేల నీరు పడుతుంది. విరిగితే చెరువు నల్లమట్టి తెచ్చి జానెడు మందాన పరిచి, తడిపి, గేదెలతో తొక్కించండి. రోహిణి కార్తెలో పని ముగిస్తే మృగశిర వానకు కుంట సిద్ధంగా ఉంటుంది.

సంక్రాంతి దాటాక ఆ కుంట ఎండిపోతుంది, ఎండనివ్వండి. నా దగ్గరకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువమంది ఇక్కడే పొరబడి, వేసవిలో బోరు నీళ్ళు పెట్టి కుంటను కాపాడుతుంటారు. ఏడాదంతా నీరుంటే చేపలు చేరతాయి, గుడ్లనూ తోకకప్పలనూ తినేస్తాయి. ఏటా ఎండే కుంటలో చేప నిలవదు. మన బోదురుకప్ప తరతరాలుగా అలాంటి నీటికే అలవాటుపడింది. తొలి పెద్ద వానకు మగకప్పలు ఒళ్ళంతా పసుపు పూసుకున్నట్టు మారి, దవడల కింద రెండు నీలి తిత్తులు బుడగల్లా ఉబ్బించి అరుస్తాయి. ఆ సంబరం కొద్ది రాత్రులే. నీరు ఇంకేలోగా పిల్లలు కాళ్ళు తెచ్చుకుని గట్టెక్కాలన్న తొందర వాటి రక్తంలోనే ఉంది. ఆ జాతిని కాళ్ళ కోసం పట్టి విదేశాలకు పంపే వ్యాపారాన్ని మన ప్రభుత్వం 1987లో నిషేధించింది. ఇప్పుడు పొలంలో వాటికి ముప్పు వల కన్నా పురుగుమందు వల్లనే ఎక్కువ. కప్ప నీటిని నోటితో తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది. కుంట చుట్టూ పది మీటర్ల మేర మందు కొట్టకండి, కలుపుమందు అసలే వద్దు. ఆ మేరలో దున్నకుండా, రాలిన ఆకులూ రాళ్ళూ అలాగే ఉంచితే, నీరు లేని నెలల్లో కప్పలు అక్కడే మట్టిలో దూరి ఉంటాయి.

ప్రశ్న: మా ఊరి చెరువులో ఈ వేసవిలో పూడిక తీయాలని గ్రామస్థులం అనుకుంటున్నాం. తాబేళ్ళకు హాని కలగకుండా ఎలా చేయాలి?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కామారెడ్డి జిల్లా

జవాబు: తెలంగాణలో 2015లో చెరువులను బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పటి నుంచి పూడికతీత ఊరూరా తెలిసిన పనే. చెరువుకు అది అవసరమే, కాని చెరువు ఎండిన వేసవిలోనే మెత్తటి చిప్ప తాబేలు బురదలో లోతుగా దిగి వాన కోసం కదలకుండా ఉంటుంది. జేసీబీ తొట్టిలో మట్టితో పాటు అదీ లారీ ఎక్కి పొలానికి చేరుతుంది. వీలైతే ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం తవ్వండి. తొట్టి మట్టి కుమ్మరించే చోట ఒక మనిషిని నిలబెట్టి, దొరికిన తాబేలును తవ్వని సగంలో తడి ఉన్న చోట మట్టి కప్పి వదలమనండి. ఇంటికి తీసుకెళ్ళడం, వండుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. శిఖం (చెరువు నీరు పరుచుకునే భూమి) వైపు అంచును గోడలా కోయనివ్వకండి. తాబేలు గుడ్లు పెట్టేది నీటిలో కాదు, ఒడ్డు మట్టిలో, కాబట్టి అది ఎక్కగలిగే వాలు ఉండాలి. గుర్రపుడెక్కను పూర్తిగా ఏరివేయండి. తుంగనూ జమ్మునూ మాత్రం ఒక మూలన వదిలేయండి.

ప్రశ్న: పెరట్లో చిన్న కుంట తవ్వాను. వేరే చెరువు నుంచి తోకకప్పలు తెచ్చి వదలవచ్చా? దోమలకు గంబూసియా చేపలు వేయమంటున్నారు. కప్పలుంటే పాములు వస్తాయని ఇంట్లోవాళ్ళ భయం.
— ఒక గృహిణి, కడప

జవాబు: తేవద్దు. నీటితో పాటు కప్పల చర్మాన్ని దెబ్బతీసే బూజు తెగులు కూడా రావచ్చు. దగ్గర్లో కప్పలుంటే వాన రాత్రి అవే దారి వెతుక్కుంటాయి. గంబూసియాను 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. అది దోమ పిల్లలతో పాటు కప్ప గుడ్లనూ తోకకప్పలనూ కూడా తింటుంది. దోమ పిల్లలను తినడానికి తూనీగ పిల్లలు ఉన్నాయి, వాటికి నీటిలో నాలుగు కాడలు నిలబెడితే చాలు. ఇక పాముల భయం నిరాధారం కాదు. కప్పల కోసం వచ్చేది ఎక్కువగా విషం లేని నీరుకట్టే అయినా, నాగుపాము కూడా కప్పలను తింటుంది. కుంట ఇంటి గోడకు ఎంత దూరమైతే అంత మంచిది. ఇంటికీ కుంటకూ మధ్య గడ్డి ఎప్పటికప్పుడు కోయించండి, కట్టెల మోపులూ ఇటుకల కుప్పలూ ఆ దారిలో ఉంచకండి, చీకటి పడ్డాక టార్చిలైటు లేకుండా ఆ వైపు వెళ్ళకండి. పెరడు చిన్నదై కుంట గుమ్మానికి పది అడుగుల్లోనే ఉంటే మాత్రం ఇంట్లోవాళ్ళ మాటే వినండి.