ఎండ ముదరకముందే మొదలుపెట్టే హాబీ ఏది?

ప్రశ్న: మాది హైదరాబాద్, మియాపూర్. ఇద్దరం ఉద్యోగులం, తొమ్మిదేళ్ల పాప. వారమంతా స్క్రీన్ల ముందే గడిచిపోతోంది. ఈ వసంతంలోనైనా ముగ్గురం కలిసి బయట ఏదో ఒకటి మొదలుపెడదామనుకుంటున్నాం. ట్రెకింగా, సైక్లింగా, మిద్దె తోటా? కిందటేడు మావారు సరదాపడి సైకిల్ కొన్నారు, ఇప్పుడు దాని మీద టవల్స్ ఆరేస్తున్నాం. డబ్బు దండగ కాని దారి చెప్పండి.
- ఒక పాఠకురాలు

జవాబు: పంచాంగంలో వసంతం ఉగాదితో మొదలవుతుంది గానీ, మన ఊళ్లో హాయిగా బయట తిరిగే రోజులు అప్పటికే అయిపోవస్తాయి. ఏప్రిల్‌లో పొద్దున ఎనిమిదింటికే నెత్తి మాడుతుంది. అందుకే ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి, ఇంటి దగ్గర్లో, పొద్దున గంటన్నరలో అయిపోయేది చూసుకోండి. లేకపోతే మూడో ఆదివారానికే మానేస్తారు. నేను అలా రెండు మానేశాను.

ట్రెకింగ్‌కి అనంతగిరి బాగుంటుంది, కానీ ప్రతి వారం పాపని నిద్రలేపి వికారాబాద్ దాకా తీసుకెళ్లగలరా? మిద్దె తోటైతే బెండ, బీర, సొర వేయడానికి ఇదే అదను, కాకపోతే మే నెలలో రోజూ నీళ్లు పోయాలి, సరిగ్గా అప్పుడే సెలవులని ఊరెళ్తారు, తిరిగొచ్చేసరికి ఎండుపుల్లలు.

నా మాట వింటే పిట్టల్ని చూడండి. నవ్వకండి. ఈ రోజుల్లో బూరుగు, మోదుగ చెట్లు ఆకులు రాల్చి ఒళ్లంతా ఎర్రటి పూలతో నిలబడతాయి, ఆకు అడ్డం ఉండదు, తేనె కోసం గోరింకలు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు వాటంతట అవే వస్తాయి, మీరు వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. కాలనీలోనో రోడ్డు పక్కనో పూసిన చెట్టు ఒకటి చూసుకుని ఆరున్నరకల్లా దాని కింద ఉండండి. నల్ల తల, గులాబీ రంగు ఒళ్లున్న గోరింకల గుంపు కనిపిస్తే పాపకి చెప్పండి, అవి మధ్య ఆసియా వైపు నుంచి చలికాలానికి వచ్చిన చుట్టాలు, ఏప్రిల్‌లో వెళ్లిపోతాయి. కోకిలని కూడా చూపించండి. కూ కూ అనేది మగది, నల్లగా ఉంటుంది. ఆడదాని ఒంటి మీద తెల్ల మచ్చలుంటాయి, చాలామంది దాన్ని చూసి వేరే పిట్ట అనుకుంటారు (నేనూ అనుకున్నాను, చాలా ఏళ్లు).

మీకు ఇంకో అదృష్టం, అమీన్‌పూర్ చెరువు పక్కనే ఉంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. వలస పక్షులు వెళ్లిపోకముందే ఒక్కసారైనా వెళ్లండి.

బైనాక్యులర్ ఇప్పుడే కొనకండి. నెల తర్వాత కూడా పాప అడిగితే అప్పుడు 8x42 తీసుకోండి, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. షాపువాళ్లు ఇరవై రెట్లది అంటగడతారు, అది చేతిలో పట్టుకుంటే బొమ్మంతా వణుకుతుంది. ఫోన్‌లో మెర్లిన్ యాప్ ఉచితం, కూత విని పేరు చెబుతుంది, అప్పుడప్పుడు తప్పు చెబుతుంది కాబట్టి కళ్లతో చూశాకే పాప నోట్‌బుక్‌లో రాయించండి. ఫోన్‌లో కూతలు వినిపించి పిట్టల్ని పిలవడం మాత్రం వద్దు, గూళ్లు పెట్టే కాలం, అనవసరంగా కంగారుపడతాయి.

సైకిల్ సంగతంటారా, టవల్స్ తీసేసి టైర్లలో గాలి కొట్టించండి, బూరుగు చెట్టు దాకా మీవారు దాని మీదే వస్తారు.