సెకండ్ షో: ఆడని సినిమాలు, అతుకుల బొమ్మలు

'థియేటర్లో ఆడకపోయినా మీరు వదల్లేని సినిమా ఏది? సగం బాగుండి సగం చెడిన సినిమాల్ని ఏం చేద్దాం?' అని పోయిన వారం అడిగాం. ఉత్తరాలు గట్టిగానే వచ్చాయి. కొందరైతే సినిమాల్ని వదిలేసి నన్నే కడిగేశారు. విద్యానగర్‌లో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చుకుని బతికినవాణ్ణి, తిట్లు నాకు కొత్త కాదు. పదండి.

'ఖలేజా' టీవీలో వస్తుంటే మా ఇంట్లో రిమోట్ ఎవరూ ముట్టుకోరు. ఇంత మంచి సినిమాని 2010లో జనం ఎందుకు తిప్పికొట్టారు సార్?
(ఉప్పల్ పాఠకుడు)

ఆకలి మీదున్నవాడికి ఏం పెట్టారో చూడండి ముందు. 2007లో 'అతిథి' తర్వాత మహేష్ బాబు మూడేళ్లు తెర మీదికే రాలేదు. పైగా దర్శకుడు త్రివిక్రమ్. దసరా ముందు హాల్లోకి వెళ్లినవాడు కళ్లలో 'అతడు', 'పోకిరి' పెట్టుకుని కూర్చున్నాడు. తీరా చూస్తే నోరు మూయని టాక్సీ డ్రైవరు! ఊరంతా నువ్వు దేవుడివి అని మీద పడుతుంటే నమ్మక, తప్పించుకోలేక, విసుక్కుంటూ తిరిగే హీరో. మొదటి సగం ఎడారిలో సరదాగా పోతుంది, ఆ తర్వాత పాలి అనే ఊళ్లో చావులు. నవ్విన నోటితోనే అయ్యో అనాలంటే అప్పటి ప్రేక్షకుడికి చేతకాలేదు.

టీవీలో ఆ ఇబ్బంది లేదు. మీ ఇంట్లో ఎవరైనా దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకే విడతలో చూశారా? అడిగి చూడండి. చపాతీ పిండి కలుపుతూ ఒక సీను, కరెంటు పోయి వచ్చాక ఇంకో సీను. ముక్కలుగా చూసేవాడికి అతుకు కనబడదు, మహేష్ టైమింగే కనబడుతుంది. 2025 మే 30న మళ్లీ విడుదలైతే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ హాల్లో చూశాను. డైలాగు తెర మీద పడకముందే హాలు చెప్పేస్తోంది. ప్రకాష్ రాజ్ సీన్లు వచ్చినప్పుడు మాత్రం అదే హాల్లో సెల్‌ఫోన్లు వెలిగాయి. పదిహేనేళ్లయినా నీరసంగా ఉన్నచోట నీరసంగానే ఉంది మరి.

క్రాస్‌రోడ్స్ టాక్ నమ్మొచ్చా?
(రాంనగర్)

మార్నింగ్ షో వదిలాక మైకు ముందు అరిచేది నమ్మకండి. సెకండ్ షో వదిలాక పార్కింగ్‌లో బండి తీస్తూ పక్కవాడితో గొణిగేది నమ్మండి.

మా కాలంలో ప్రతి సినిమా మొదటి నుంచి చివరిదాకా నిండుగా ఉండేది. ఈ ఎత్తుపల్లాలు, ఈ డివైడ్ టాకులు ఇప్పటివాళ్ల చలవే. ఒప్పుకుంటారా?
(నల్లకుంట, విశ్రాంత ఉద్యోగి)

పెద్దవారు, కాదనడానికి మొహమాటంగా ఉంది గానీ, ఒప్పుకోను. 'పాతాళ భైరవి' తీసిన విజయా వారే 1954లో 'చంద్రహారం' తీశారు. ఎన్టీఆర్ హీరో, ఘంటసాల సంగీతం, మార్కస్ బార్ట్‌లీ కెమెరా. సెట్లకు, హంగులకు డబ్బు నీళ్లలా పోశారు. జనం పెదవి విరిచారు.

దానికంటే నాకు ఇష్టమైన ఉదాహరణ 'రహస్యం'. 'లవకుశ' తీసిన లలితా శివజ్యోతి వారిదే, 1967. నాగేశ్వరరావు, ఎస్వీ రంగారావు ఉన్నా కథ ఎటు పోతుందో తెలియదు, ఎందుకు పోతుందో అసలే తెలియదు. ఘోరంగా పోయింది. కానీ అందులో 'గిరిజా కల్యాణం' ఉంది! మల్లాది రామకృష్ణశాస్త్రి రాశారు, ఘంటసాల స్వరపరిచారు. మామూలు సినిమా పాట కొలతకు లొంగని యక్షగానం అది.

మా షాపులో ఆ క్యాసెట్ ఉండేది. టేపు ఒకేచోట వెనక్కి తిప్పి తిప్పి చూస్తే అక్కడ అరుగుతుంది, బొమ్మ కింద తెల్లటి గీతలు పాకుతాయి. 'రహస్యం' క్యాసెట్ మొత్తం కొత్తదానిలా మెరుస్తుండేది, గిరిజా కల్యాణం దగ్గరికి రాగానే గీతలు! హిట్టు సినిమాల టేపు అంతటా సమంగా అరిగేది. ఫ్లాపు టేపు చూస్తేనే జనం దేన్ని దాచుకున్నారో తెలిసేది.

దర్శకుడు వేదాంతం రాఘవయ్య కూచిపూడి మనిషి. కథని పట్టించుకోకుండా నాట్యం వైపు జారిపోయే ఆ మనసే సినిమాని ముంచింది. గిరిజా కల్యాణాన్ని నిలబెట్టిందీ అదే. చెడింది తీసేసి మంచిది ఉంచుకుందాం అంటారు చాలామంది. ఆ రెండూ ఒకే చేతి పని అయినప్పుడు ఎక్కడని కోస్తారు?

'ఆరెంజ్' రీరిలీజ్‌లో హాలంతా పాటలు పాడింది. మా అన్నయ్య మాత్రం 'పాటలు తీసేస్తే ఏముందిరా అందులో' అంటాడు. మీరే తీర్పు చెప్పండి.
(కూకట్‌పల్లి, హాస్టల్ నుంచి)

హారిస్ జయరాజ్ పాటలు తీసేస్తే సినిమా సగం బరువు తగ్గుతుంది, అందులో మీ అన్నయ్యది తప్పు లేదు. కానీ మిగిలిన సగంలో ఒక ప్రశ్న ఉంది బాబూ. జీవితాంతం ప్రేమిస్తానని నేను అబద్ధం చెప్పను, ప్రేమ ఉన్నంతకాలం ఉంటుంది, అంటాడు హీరో. 2010లో, అదీ 'బొమ్మరిల్లు' తీసిన భాస్కర్ సినిమాలో, రామ్‌చరణ్ నోట ఆ మాట వినడానికి ఇంటిల్లిపాదీ వెళ్లిన ప్రేక్షకుడు సిద్ధంగా లేడు. ఇప్పుడు మీ హాస్టల్లో రాత్రి జరిగే ముచ్చట్లలో సగం అదే కదా?

తప్పులు చెప్పమంటే చాలా ఉన్నాయి. హీరో ఒకే వాదనని సిడ్నీ అంతా తిరుగుతూ చెప్తాడు. జెనీలియా పాత్రని మరీ చంటిపిల్లని చేశారు, అవతలి వాదనకు బలమైన మనిషి లేకుండా పోయింది. హీరో పాత ప్రేయసి రూబా కథ వచ్చే ముంబై ఘట్టంలోనే సినిమా నిజంగా ఊపిరి తీసుకుంటుంది. అక్కడ ప్రేమ ఎలా కరిగిందో చూపించారు, మిగతా అంతా చెప్పారు. అన్నయ్యని ఆ ఘట్టం ఒక్కటి పాటలు దాటవేసి చూడమనండి. తర్వాత కూడా అదే మాట అంటే అన్నయ్యే గెలిచినట్టు.

'ప్రస్థానం' చూడొచ్చా?
(మల్కాజిగిరి)

సాయికుమార్ కోసం చూసి తీరాలి. పాటలప్పుడు టీ పెట్టుకోండి.

మాది సిరిసిల్ల, ఇప్పుడు బోరబండలో ఉంటున్నాం. 'వేదం'లో ముసలాయన సీన్లు రాగానే మా ఆయన లేచి బయటికి పోతాడు. అటువంటి సినిమా పెద్ద హిట్ ఎందుకు కాలేదు?
(ఒక సోదరి)

మీ ఆయన ఎందుకు లేచిపోతున్నారో మీకు తెలుసు, నేను చెప్పేదేముందమ్మా. మనవణ్ణి విడిపించుకోడానికి కిడ్నీ అమ్ముకోవాలని కోడల్ని తీసుకుని హైదరాబాద్ వచ్చిన సిరిసిల్ల నేతన్న రాములు. ఆ వేషం వేసిన నాగయ్య అప్పటికి జనానికి పెద్దగా తెలియని ముఖం. అదే మేలయింది, నటుడు కనబడలేదు.

ఆసుపత్రిలో కేబుల్ రాజు ఆ డబ్బు లాక్కుని పరిగెత్తే చోటు గుర్తుంది కదా. రాజుకి డబ్బు కావలసింది న్యూ ఇయర్ పార్టీ పాసులకి. డబ్బున్న పిల్ల ముందు డబ్బున్నవాడిలా కనబడాలి, అంతే. జూబ్లీహిల్స్ బంగళాల పక్కన బస్తీలో పెరిగినవాడి యావ అది. అల్లు అర్జున్ అంతటి హీరో ఒక పేద ముసలివాడి చేతిలోంచి డబ్బు లాక్కుంటుంటే హాల్లో ఈల వేసేవాడు ఈల ఎక్కడ వేస్తాడు? రాజు తిరిగి వచ్చాక కూడా ఆ ఈల వేసేవాడు వెయ్యలేడు, గొంతు పట్టేసి ఉంటుంది. చివర్లో ఏమవుతుందో చూడనివాళ్ల కోసం చెప్పను.

ఐదు కథల్లో ఐదూ సమానంగా లేవు. బెంగళూరు నుంచి బయల్దేరిన మంచు మనోజ్ బ్యాండు ప్రయాణం నన్నడిగితే వదులుగా ఉంది, చాలాసేపు దారి పట్టదు. పాతబస్తీ రహీముద్దీన్‌గా మనోజ్ బాజ్‌పాయ్‌కి ఇంకొంచెం చోటివ్వాల్సింది. అయినా ఆ వదులు కథ లేకపోతే చివర ఆసుపత్రిలో ఐదూ కలిసేచోట బరువు తగ్గేది. దర్శకుడు క్రిష్‌ని ఆ బ్యాండు గురించి తిట్టుకుంటూనే ఉంటాను, సినిమాని మాత్రం ఎవరికీ వదలను.

'1 నేనొక్కడినే'ని విడుదలయ్యాక కత్తిరించారు కదా. అసలు నిడివి అడ్డొచ్చిందా, కథ అడ్డొచ్చిందా?
(దిల్‌సుఖ్‌నగర్)

కథే. హీరో మెదడే అతనికి అబద్ధం చెప్తుంది, కాబట్టి తెర మీద చూసింది జరిగిందో లేదో మనమే తేల్చుకోవాలి. 2014 సంక్రాంతికి, అరిసెలు తిని, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వచ్చినవాడికి సుకుమార్ పెట్టిన పరీక్ష అది! ఇదే సినిమా ఏ జూలైలోనో వచ్చుంటే ఇంత లొల్లి అయ్యేది కాదేమో. ల్యాగ్ అయితే కత్తెరకి దొరుకుతుంది, తికమక దొరకదు. కోసినకొద్దీ తికమక పెరుగుతుంది కూడా. క్లైమాక్స్‌లో అమ్మానాన్నల ముఖాలు తెలిసే సన్నివేశం మాత్రం తెలుగులో ఏ హిట్టు సినిమాకీ తీసిపోదు. దానికోసం మిగతా గందరగోళమంతా భరించాను, మళ్లీ భరిస్తాను.

అమ్మకి రక్తం పడదు. తమ్ముడికి ట్విస్టు లేకపోతే పడదు. ఆదివారం ఇంట్లో అందరం కూర్చోడానికి ఒక్క సినిమా చెప్పండి.
(సైనిక్‌పురి)

చంద్రశేఖర్ ఏలేటి 'అనుకోకుండా ఒక రోజు', 2005. పార్టీకి వెళ్లిన అమ్మాయి నిద్ర లేచేసరికి ఆమె జీవితంలోంచి ఒక రోజు మాయమైపోతుంది. ఆ రోజు ఏం జరిగిందో వెతుక్కోవడమే కథ. చార్మికి అంత మంచి వేషం మళ్లీ దొరకలేదని నా అభిప్రాయం. తమ్ముడు ఇంటర్వెల్ దాకా కదలడు. చివరికొచ్చేసరికి వెతుకులాట పోయి వెంటాడటం మొదలవుతుంది, అక్కడ సినిమా కొంచెం మామూలైపోతుంది, అమ్మకి భయం కూడా వేస్తుంది. ఆ కాస్తసేపు అమ్మని పకోడీలు వేయమనండి. పిండి ముందే కలిపి పెట్టుకోండి.